ఫైలుకెక్కని ‘ఏరా’

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను చూసి, “అంకుల్, మీరు హెచ్చార్‌లో చేసేవారట కదా?” అంటుంటారు. నేను హెచ్చార్‌లో చెయ్యలేదు నాయనా. మా రోజుల్లో దాన్ని పర్సనల్ డిపార్టుమెంటు అనేవారు. పేరుకే డిపార్టుమెంటు, అందులో ఉన్న మనిషిని నేనొక్కణ్ణే. చిలకలూరిపేట దగ్గర హైవే పక్కన ఒక నూలు మిల్లు. గేటు దాటగానే ఎడమ చేతి వైపు గది నాది. కార్మికుల హాజరు, సెలవులు, నోటీసులు, చార్జిషీట్లు, ఆయుధపూజకు గుమ్మడికాయలు తెప్పించడం దాకా అన్నీ నా నెత్తినే ఉండేవి.

ఎన్ని పనులున్నా, నేను జీతం తీసుకున్నది మాత్రం ముఖ్యంగా మాటలు చూసుకోవడానికి. ఏ కాగితంలో ఏ మాట పడాలి, ఏది పడకూడదు అన్నదే నా పని. మా జనరల్ మేనేజరుది కోయంబత్తూరు. ఆలోచించేది తమిళంలో, డిక్టేషను ఇంగ్లీషులో, తిట్టేది తెలుగులో. యూనియన్ సెక్రటరీ మా పక్క ఊరివాడే. చట్టాల పుస్తకాలు బాగా చదివినవాడు, ఒక్క మాట తేడా వచ్చినా వదిలేవాడు కాదు. వాళ్ళిద్దరి మధ్యా నేను.

ఒకసారి క్యాంటీన్‌లో చేతులు కడుక్కునే తొట్టి దగ్గర ఎవరూ ఉమ్మకూడదని నోటీసు పెట్టాల్సి వచ్చింది. పైన ‘విజ్ఞప్తి’ అని రాశాను. జనరల్ మేనేజరు గారు చూసి, “విజ్ఞప్తి ఎందుకయ్యా, మనం అడుక్కుంటున్నామా?” అని ‘హెచ్చరిక’ అని మార్పించారు. సాయంత్రానికి సెక్రటరీ వచ్చి నా బల్ల మీద చెయ్యి వేసి, “ఉమ్మితే హెచ్చరికా? రేపు ఈ కాగితం పట్టుకుని ఎవడికన్నా మెమో ఇస్తే?” అని కూర్చున్నాడు. చివరికి ‘గమనిక’ దగ్గర ఇద్దరూ రాజీపడ్డారు. ఉమ్మేవాళ్ళు మాత్రం మూడు నోటీసుల కాలంలోనూ ఒకేలా ఉమ్మారు.

నాకు ఆ గొడవలంటే చిరాకు ఉండేది కాదు, నిజం చెప్పాలంటే సరదాగా ఉండేది. మాట సరిగ్గా పడితే సగం తగాదా అక్కడే చల్లారుతుందని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ కొంతవరకు నమ్ముతాను. ఆ ‘కొంతవరకు’ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

సెల్‌ఫోన్లు ఇంకా పెద్ద ఆఫీసర్ల చేతుల్లోనే ఉన్న రోజులవి. మా స్పిన్నింగ్ షెడ్డులో నూలు వడికే రింగు ఫ్రేముల దగ్గర పనిచేసే ఒక కార్మికుడు ఉండేవాడు. వయసు నలభై దాటింది. తెగిన దారాన్ని వేళ్ళతో అందుకుని క్షణంలో అతికేసే మనిషి. తన పల్లెలోని చర్చికి సంఘ పెద్ద. మిల్లులో ఎవరి జోలికీ పోయేవాడు కాదు. ఆ షిఫ్టుకి కొత్తగా ఒక సూపర్‌వైజరు వచ్చాడు. డిప్లొమా పూర్తి చేసిన కుర్రాడు, పాతికేళ్ళు లేవు. ఇద్దరిదీ ఒకటే ఊరు. కుర్రాడి ఇల్లు ఊళ్ళో. వాళ్ళకు మిరప, పత్తి పండే చేలున్నాయి. ఆ పెద్దాయన ఇల్లు ఊరి బయట పల్లెలో, అంటే వాడలో. ఆయన తండ్రి ఆ చేలల్లోనే కూలి చేసి పోయాడు. ఇంత చెప్తే మా ప్రాంతం వాళ్ళకి మిగతాది చెప్పక్కర్లేదు.

స్పిన్నింగ్ షెడ్డులోకి మీరెప్పుడూ వెళ్ళి ఉండరు. అక్కడి హోరులో చెవి దగ్గరకొచ్చి అరిస్తే తప్ప మాట వినపడదు. అందుకే అక్కడ ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు పెదవుల కదలిక చూసి మాటను పట్టేస్తారు. ఫ్రేముకి ఆ చివరున్నవాడు ఈ చివరివాడితో ఇంటి సంగతులన్నీ శబ్దం లేకుండానే చెప్పుకుంటాడు. ఆ షెడ్డులో రహస్యమంటూ ఏదీ నిలవదు.

ఒక మధ్యాహ్నం ఆ పెద్దాయన ఫ్రేము పక్కన కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. కంట్లో దూది నలక పడిందని ఆయన తర్వాత చెప్పాడు. సూపర్‌వైజరు అటుగా వచ్చి, “ఏరా, నిద్రపోతున్నావా?” అని అరిచాడు. పెద్దాయన కళ్ళు తెరిచి, ఆ కుర్రాడి ముఖంలోకి చూసి, “లేదురా, చూస్తానే ఉన్నా” అన్నాడు.

జరిగింది ఇంతే. చెయ్యి లేవలేదు, తిట్టు పడలేదు. కానీ ఆ వరసలో ఉన్న వాళ్ళందరూ ఆ పెదవులు చదివారు. కొందరి చేతుల్లో తెగిన దారాలు తెగినట్టే ఉండిపోయాయట.

పావుగంటలో సూపర్‌వైజరు జనరల్ మేనేజరు గదిలో ఉన్నాడు. నన్నూ పిలిచారు. కుర్రాడి ముఖం కందిపోయి ఉంది.

“అందరి ముందూ అన్నాడు సార్. నేను ఏరా అంటే, వాడు తిరిగి రా అన్నాడు. ఇంక ఆ షెడ్డులో నేను తలెత్తుకుని తిరగాలా వద్దా మీరే చెప్పండి” అన్నాడు.

జనరల్ మేనేజరు గారు నా వైపు తిరిగి, “మీకు ‘రా’ ఉంది, మాకు ‘డా’ ఉంది. నాకు తెలియక కాదు. డిస్మిస్ చెయ్యి” అన్నారు.

“అట్లా వెంటనే తీసెయ్యడానికి లేదు సార్. చార్జిషీటు ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరపాలి.”

“అదెల్లాం... అదంతా చెయ్యి. చేసి డిస్మిస్ చెయ్యి.”

అప్పటికప్పుడు సస్పెన్షను ఆర్డరు ఇచ్చాం. మర్నాడు చార్జిషీటు రాయడానికి కూర్చున్నాను. ఆరోపణ స్పష్టంగా ఉండాలి, ఎవరు ఏమన్నారో అన్న మాటే రాయాలి అన్నది నేను నేర్చుకున్న పద్ధతి. అందుకని ఇద్దరి మాటలూ ఉన్నవి ఉన్నట్టు పెట్టాను. జనరల్ మేనేజరు గారు ఎర్ర పెన్ను తీసుకుని రెండు మాటలూ కొట్టేశారు.

“ఈ కాపీ లేబర్ ఆఫీసుకి పోతుంది కదయ్యా. మన సూపర్‌వైజరు ఏరా అన్నాడని మనమే రాసిస్తామా?”

“అయితే ఆయన అన్నది మాత్రం రాద్దామా సార్?”

“అదొక్కటే రాస్తే, ముందు వీడేమన్నాడని అడగరా? వేరే మాట వెయ్యి. పెద్ద మాట.”

ఆయన ఇంగ్లీషులో ఒక మాట చెప్పారు. దానికి మా కాగితాల్లో వాడే తెలుగు ‘అవిధేయత’. ‘పై అధికారి పట్ల అగౌరవకరమైన పదజాలం ఉపయోగించి తీవ్ర అవిధేయత ప్రదర్శించారు’ అని వాక్యం తయారైంది. చదువుతుంటే గంభీరంగానే ఉంది. లోపల ఏం జరిగిందో మాత్రం ఆ వాక్యం ఎంత చదివినా తెలియదు.

చార్జిషీటు తీసుకోవడానికి పెద్దాయన నా గదికి వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కాగితం పైనుంచి కిందిదాకా పెదవులు కదుపుతూ చదివాడు.

“అవిధేయత అంటే ఏందండి?” అని అడిగాడు.

“చెప్పిన మాట వినకపోవడం.”

“ఆ అబ్బాయి నాకు చెప్పిన మాటేందండి? నిద్రపోతున్నావా అని అడిగాడు. లేదని చెప్పాను. ఇందులో విననిదేముందండి?”

“అన్న తీరు గురించి లెండి” అని నసిగాను.

“మరి తీరు గురించేనని రాయండి. ఆయన తీరు, నా తీరు, రెండూ రాయండి. సంజాయిషీ ఏమిచ్చుకోవాలో నాకూ తెలుస్తుంది.”

కాగితం మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు నా గదిలో మాటల సంత జరిగింది. సంగతి విచారణ దాకా పోకుండా తేల్చెయ్యాలని యూనియన్ సెక్రటరీ ఆత్రం. పైకి కార్మికుడి పక్షమే. కానీ అతనిదీ ఊళ్ళో ఇల్లే, ఆ సూపర్‌వైజరు తండ్రి అతనికి వరసకి బాబాయి. గట్టిగా నిలబడితే ఇంట్లో మాట పడాలి, నిలబడకపోతే మిల్లులో పరువు పోతుంది. అందుకని మధ్యేమార్గంగా ఒక కాగితం రాయించే ప్రయత్నంలో పడ్డాడు.

జనరల్ మేనేజరు గారు ‘బేషరతు క్షమాపణ’ ఉంటే తప్ప ఒప్పుకోనన్నారు. సెక్రటరీ ‘బేషరతు’ తీసెయ్యమన్నాడు. తీసేశాం. తర్వాత ‘క్షమాపణ’ బదులు ‘విచారం’ అన్నాడు. పైనుంచి ఒప్పుకోలేదు. నేను ‘చింతిస్తున్నాను’ అని సూచించాను. ‘జరిగిన దానికి చింతిస్తున్నాను’ అంటే ఎవరు చేశారన్నది తేలదు కాబట్టి ఇద్దరికీ గౌరవంగా ఉంటుందని నా తెలివి. జనరల్ మేనేజరు గారు ఒక పూట ఆలోచించి సరేనన్నారు. సెక్రటరీ నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అప్పుడు తట్టింది మాకు, సంతకం పెట్టాల్సిన మనిషిని మేమింకా అడగలేదని.

పిలిపించాం. అవి మిరపకోతల రోజులు. సస్పెన్షన్లో ఉన్నాడు కాబట్టి భార్యతో కలిసి కోతకి పోతున్నాడు. ఏళ్ళ తరబడి దారం పట్టిన వేళ్ళు. మిరపకాయ ఘాటుకి మంట పుట్టి గోళ్ళ చుట్టూ వాచి ఉన్నాయి.

సెక్రటరీ బతిమాలాడు. “ఒక్క ముక్క అన్నా. క్షమాపణ కూడా కాదు, ఊరికే చింతిస్తున్నానని. ఇక్కడ పని పోయిందంటే ఈ రోడ్డు మీద ఏ మిల్లూ నిన్ను తీసుకోదు. మళ్ళీ చేలోకే పోవాలి. ఆ చేలు ఎవరివి? వాళ్ళవేగా. అక్కడ రోజూ పొద్దున లేస్తే ఏరానేగా?”

“అందుకే గదండీ మిల్లుకొచ్చింది” అన్నాడు పెద్దాయన.

ఆయనే మళ్ళీ అన్నాడు. “నేను తప్పు చేస్తే ఆదివారం సంఘం అందరి ముందూ మోకాళ్ళ మీద ఒప్పుకునేవాణ్ణండి. అడగండి మా పల్లెలో. ఇందులో నా తప్పు నాకు కనపడట్లా. ఊళ్ళో వాళ్ళ నాయన నన్ను ఏరా అంటాడు. వాళ్ళ తాత మా నాయన్ని ఏరా అన్నాడు. ఊళ్ళో ఏ రోజన్నా నోరెత్తానా? ఎత్తలా. ఇది మిల్లు గదండీ. గేటు లోపలికి వచ్చినాక కూడా ఊరేనా?”

సెక్రటరీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను ఎంతో కష్టపడి ఏరి తెచ్చిన ‘చింతిస్తున్నాను’ బల్ల మీద అలాగే ఉండిపోయింది. నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఒక మాట రాయలేవా అనిపించింది. ఆ కోపం ఇంటికెళ్ళి అన్నం తినేదాకా ఉంది. తింటుంటే పోయింది.

విచారణ మిల్లు గెస్ట్‌హౌస్‌లో పెట్టాం. విచారణాధికారిగా గుంటూరు నుంచి ఒక రిటైరైన పెద్దమనిషిని పిలిపించాం. లేబర్ శాఖలో చిరకాలం చేసినాయన. ఎండలో కూడా కోటు విప్పరు. ఆయన రికార్డు తెలుగంటే నాకు ముచ్చట. సాక్షి మామూలుగా ఏది చెప్పినా, వింటూ వింటూనే దాన్ని ‘ప్రశ్నించితిని, సమాధానమిచ్చెను’ అని ఆఫీసు భాషలోకి మార్చి డిక్టేట్ చేసేవారు. నేను రాసుకునేవాణ్ణి. రికార్డు మర్యాదగా ఉండాలని ఆయన నియమం. ఆయన నడిపిన విచారణల్లో ఎవరూ ఎవరినీ ‘నువ్వు’ అని ఎరగరు.

ఆ రోజు బల్లకి ఒక పక్క జనరల్ మేనేజరు గారు, సూపర్‌వైజరు. ఎదురుగా పెద్దాయన, ఆయన తరఫున మాట్లాడటానికి సెక్రటరీ. నిబంధనల ప్రకారం ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి కుర్చీ వెయ్యాలి. వేశాం. పెద్దాయన కుర్చీ అంచున కూర్చున్నాడు. సూపర్‌వైజరు ఆ కుర్చీ వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

పొద్దున పూట కుర్రాడు తడుముకోకుండా చెప్పుకుపోయాడు. “కళ్ళు మూసుకుని నిలబడ్డాడు సార్. ఏరా, నిద్రపోతున్నావా అన్నాను. లేదురా, చూస్తానే ఉన్నా అన్నాడు.” పెద్దాయన వైపు చూడకుండా కోటాయన వైపే చూస్తూ చెప్పాడు. ఆయన యథాప్రకారం డిక్టేట్ చేశారు, నేను యథాప్రకారం రాశాను. నా దృష్టంతా వాక్యం ఎక్కడ ఆపాలి, కామా ఎక్కడ పెట్టాలి అన్న దాని మీదే. సెక్రటరీ అడ్డుప్రశ్నలు నిద్ర గురించి వేశాడు, దూది నలక గురించి వేశాడు. అసలు మాట జోలికి పోలేదు. ఎందుకు పోలేదో నాకు తెలుసు, పెద్దాయనకీ తెలుసు.

భోజనాల తర్వాత రికార్డు చదివి వినిపించి అందరి సంతకాలు తీసుకోవాలి. గొంతు సవరించుకుని నేనే చదవడం మొదలుపెట్టాను.

“...అంతట నేను సదరు కార్మికుని సమీపించి, ‘మీరు నిద్రించుచున్నారా?’ అని ప్రశ్నించితిని. అందుకు సదరు కార్మికుడు, ‘లేదండీ, గమనించుచున్నాను’ అని సమాధానమిచ్చెను.”

చదివేశాక నాకే అనుమానం వచ్చి ఆగిపోయాను. సెక్రటరీ తల వంచుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. నవ్వు ఆపుకుంటున్నాడు. జనరల్ మేనేజరు గారు కనుబొమలు ముడిచి, “మళ్ళీ చదువు” అన్నారు. మళ్ళీ చదివాను.

“ఏమయ్యా, ఇందులో తప్పెక్కడ?”

తప్పు నిజంగానే ఎక్కడా లేదు. ఇద్దరు పెద్దమనుషులు మర్యాదగా పలకరించుకున్నట్టుంది. కోటాయన తన రికార్డు తీసుకుని చూసుకున్నారు. ఆయన చెవి విన్నది ఒకటి, ఏళ్ళ అలవాటు కొద్దీ నోరు చెప్పింది ఇంకొకటి. పొద్దున గదిలో ఉన్న మేం అయిదుగురం వింటుండగానే చెప్పారు. అయినా ఎవరికీ తట్టలేదు. ఆఫీసు కాగితం అంటే అట్లాగే ఉంటుందని మా అందరి మనసుల్లో నాటుకుపోయింది మరి.

అప్పుడు పెద్దాయన మాట్లాడాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు. చదివింది జాగ్రత్తగా విన్నవాడిలా, నెమ్మదిగా అన్నాడు.

“ఇట్టా అడిగుంటే నేనూ ఇట్టాగే చెప్పేవాణ్ణి గదండీ.”

సెక్రటరీ భుజాలు ఆగిపోయాయి.

కోటాయన కళ్ళజోడు సర్దుకుని సూపర్‌వైజరు వైపు తిరిగారు. “పొరపాటు నాదే. దిద్దుదాం. మీరు ఏమన్నారో ఇంకొకసారి చెప్పండి, ఈసారి అక్షరం మార్చకుండా రాయిస్తాను. మీరన్నదీ రాస్తాను, ఆయనన్నదీ రాస్తాను” అన్నారు.

“చెప్పవయ్యా” అన్నారు జనరల్ మేనేజరు గారు.

కుర్రాడు నోరు తెరిచాడు. పొద్దున ఎంత తేలిగ్గా చెప్పాడో! ఇప్పుడు ఎదురుగా పెద్దాయన అతని ముఖంలోకే చూస్తున్నాడు. కోపంగా కాదు. ఏం చెప్తాడా అని ఎదురుచూస్తున్నాడు. తన తండ్రి వయసు మనిషి, తెల్ల చొక్కా, ఒళ్ళో పెట్టుకున్న వాచిన చేతులు. హోరులో, పదిమందిలో అరిచినంత సులువు కాదు కదా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తూ ఆ మాట మళ్ళీ అనడం. కుర్రాడి పెదవులు ఒకటి రెండుసార్లు కదిలాయి. మాట బయటికి రాలేదు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

చివరికి, “అట్లాగే ఉండనివ్వండి సార్” అన్నాడు.

“ఏది ఉండనివ్వాలి?”

“రాసిందే. అందులో ఉన్నట్టే అడిగానని ఉండనివ్వండి.”

జనరల్ మేనేజరు గారు తమిళంలో ఏదో అన్నారు. కుర్రాడు వినిపించుకోలేదు. నా చేతిలో పెన్ను తీసుకుని సంతకం పెట్టేశాడు.

దాంతో కేసు అయిపోయినట్టే. నేరమే లేని రికార్డు మీద ఎవరినీ ఉద్యోగంలోంచి తీసెయ్యలేరు. సెక్రటరీకి ప్రాణం లేచొచ్చింది. కాగితాన్ని పెద్దాయన ముందుకి తోసి, “పెట్టన్నా, పెట్టు” అన్నాడు. మేమందరం లేవబోతున్నాం.

పెద్దాయన పెన్ను పట్టుకోలేదు.

“ఇది నిజం కాదు గదండీ” అన్నాడు.

సెక్రటరీ బల్ల కింద ఆయన మోకాలు గిల్లడం నేను చూశాను. “నువ్వూరుకో అన్నా. ఉద్యోగం నిలబడింది.”

“నేను రా అన్నాను. అనలేదని నేను చెప్పను. అండి అన్నానని అబద్ధం మీద సంతకం పెట్టి, ఆదివారం పల్లెలో బైబిల్ వాక్యం ఎట్టా చదవను?”

జనరల్ మేనేజరు గారి ముఖం వెలిగింది. “ఒప్పుకుంటున్నాడు. రాయి, రాయి” అన్నారు నాతో.

అన్నాళ్ళూ ఆ మనిషి ఉద్యోగం నిలబెట్టడానికి నేనూ సెక్రటరీ మాటలతో కుస్తీ పట్టాం. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ఆయనే కిందకి నెట్టేస్తున్నాడు. రికార్డు చివర సంతకాల పైన నేను అలవాటుగా రాసే వాక్యం ఒకటుంది: ‘పై విషయములు యథార్థమని అంగీకరించి సంతకము చేయడమైనది.’ ఆయనకి అడ్డంగా నిలబడింది ఆ వాక్యమే. కోటాయన దాన్ని ఒకసారి చదివి, నన్ను చూసి, “ఇది ఎవరు పెట్టమన్నారు మీకు?” అని అడిగారు.

“మొదట్నించీ ఇట్లాగే రాస్తున్నామండి.”

“తప్పు. తాను చెప్పింది యథార్థమని సాక్షి సంతకం పెడతాడు. ఎదుటి పక్షం పెట్టేది అందుకు కాదు, తన ముందు చదివారని. కొట్టెయ్యండి. ‘చదివి వినిపించగా విన్నాను’ అని రాయండి.” ఆ తర్వాత పెద్దాయన వైపు తిరిగి, “మీరు విన్నారా లేదా?” అన్నారు.

“విన్నానండి.”

“విన్నాననే పెట్టండి. అంతకు మించి మిమ్మల్ని ఎవరూ అడగరు. ఇందాక మీరన్నది నాకు వినపడింది. కానీ మిమ్మల్ని విచారించే వంతు ఇంకా రాలేదు. ఈ సాక్ష్యంతో ఇక రాదు కూడా.”

పెద్దాయన ఆ కొత్త వాక్యాన్ని పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు. అప్పుడు సంతకం పెట్టాడు. వాచిన వేళ్ళతో పెన్ను సరిగ్గా ఇమడక అక్షరాలు వంకర పోయాయి.

‘ఆరోపణ రుజువు కాలేదు’ అని రిపోర్టు వచ్చింది. పెద్దాయన పనిలోకి వచ్చాడు. జనరల్ మేనేజరు గారు కొన్నాళ్ళు నాతో ముక్తసరిగా మాట్లాడారు. “నీ తెలుగు నా షెడ్డుని ముంచింది” అన్నారు ఒకసారి, కాస్త నవ్వుతూనే. తర్వాత షెడ్డులో అందరూ ఒకరినొకరు గౌరవంగా సంబోధించుకోవాలని సర్క్యులర్ వెయ్యమన్నారు. ‘సంబోధించుకోవలెను’ అనాలా, ‘సంబోధించుకోవలసిందిగా కోరడమైనది’ అనాలా అని సెక్రటరీతో మళ్ళీ రెండు రోజులు వాదన. ఈసారి నాకు ఆ వాదనలో రుచి తగ్గిపోయింది. ఏదో ఒకటి రాసి అంటించాను. వారం తిరక్కుండా దాని మీద నూనె మరకలు పడ్డాయి.

సూపర్‌వైజరు ఆ తర్వాత ఆయన్ని ‘ఏరా’ అనలేదు. ‘అండి’ అనీ అనలేదు. ఆ ఫ్రేము దగ్గరకొస్తే, “ఇక్కడ తెగింది”, “ఆ చివర చూడాలి” అని ఫ్రేముతో మాట్లాడినట్టు మాట్లాడి వెళ్ళిపోయేవాడు. పెద్దాయన తల ఊపి పని చేసేవాడు. నెలలు గడిచినా అంతే.

ఒక సాయంత్రం షిఫ్టు మారే వేళ హైవే పక్క టీకొట్టు దగ్గర పెద్దాయన ఒక్కడే కనిపించాడు. నేనే పలకరించాను. వేళ్ళ వాపు ఎప్పుడో పోయింది. చొక్కా నిండా దూది పీచు.

“ఇప్పుడు బానే ఉంటున్నాడా ఆ అబ్బాయి, మర్యాదగా?” అన్నాను. లోపల కాస్త పొగడ్త ఆశించానేమో కూడా.

ఆయన టీ తాగడం ఆపి ఆలోచించాడు. “మర్యాదంటూ ఏం లేదండి. పిలవడం మానేశాడు” అన్నాడు.

“పోనీలెండి. ఏం పిలవాలో పాపం అతనికీ తెలియట్లేదు.”

“తెలియకపోవడమేందండి!” అన్నాడు, నిజంగా ఆశ్చర్యపోయి. “పేరుంది గదండీ నాకు.”

ఆ ఫైలు మొత్తం కళ్ళ ముందు తిరిగింది. సదరు కార్మికుడు, నిందితుడు, ఫలానా టోకెన్ నంబరు. చార్జిషీటు మొదట్లో ఒక్కచోట పేరు వేసి, ఆ తర్వాత ఎవరం ఆ పేరు ఎత్తలేదు. మా వాదనల్లో జనరల్ మేనేజరు గారికి ఆయన ‘వాడు’, సెక్రటరీకి ‘అన్నా’, కోటాయనకి ‘సదరు’. నాకు, ఇదిగో ఈ కాగితాల్లో కూడా, ‘పెద్దాయన’. క్షమాపణకీ విచారానికీ తేడా గురించి అంత కొట్టుకున్నాం. ఆయనకి కావలసిన మాట అందరికీ తెలిసిందే, ఏ చట్టం పుస్తకమూ తిరగెయ్యక్కర్లేనిదే.

మీ ఆఫీసుల్లో మేనేజర్ని కూడా పేరు పెట్టే పిలుస్తారని విన్నాను. మంచిదే. మీ గది ఊడ్చేవాళ్ళ పేరు, గేటు తీసేవాళ్ళ పేరు తెలుసా అని మాత్రం ఒకసారి చూసుకోండి. నేను ఇంత రాసి ఎవరి పేరూ చెప్పలేదు. మిగతావాళ్ళకి అక్కర్లేదు, వాళ్ళకి హోదాలున్నాయి. ఆయన విషయంలో మాత్రం ఆ తప్పు మళ్ళీ చెయ్యను.

ఆయన పేరు దేవసహాయం. దేవసహాయం గారు.